అంబలి పోసే అమ్మ

గండికోటకు వెళ్ళినవాళ్ళు లోయ ఫోటోలు పంపుతారు. నా మిత్రుడు మాత్రం జమ్మలమడుగులో ఒక పాత మిషన్ బడి గోడమీది బొమ్మ పంపాడు. ఒక స్త్రీ రెండు కూజాలు పట్టుకుని, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్ళు వంపుతోంది. కింద రాసిన పేరు రాలిపోయింది. వెనకటి దొరలు సద్గుణాలను ఇలా ఆడవాళ్ళ రూపంలో గీసేవాళ్ళు. అలాంటి బొమ్మలంటే నాకు పిచ్చి. దాని మీద సున్నం కొట్టేస్తారట, చూడాలంటే త్వరగా పొమ్మన్నాడు.

ప్రొద్దుటూరులో పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని బస్సెక్కితే గంటలోపే జమ్మలమడుగు. టికెట్టు యాభై దాటదు. బస్టాండు దగ్గర ఎక్కిన ఆటో డ్రైవరు గండికోటకే పోదామని దారంతా పోరుపెట్టాడు. గోడమీది బొమ్మ కోసం వచ్చానంటే నన్ను అదోలా చూసి ఊరుకున్నాడు.

బడి ఇప్పుడు ప్రార్థన గది. తాళం తీసినావిడ రిటైరైన టీచరు కరుణమ్మగారు. ఉద్యోగమంతా ఆ బొమ్మ కిందే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పారు. ఆకలితో ఎవరైనా వస్తే అంబలిలో ఇంకో చెంబుడు నీళ్ళు పోసి అందరికీ సరిపెట్టే అమ్మ అనీ, ఆమె పేరు దయ అనీ పిల్లలకు చెప్పేవారట. రాగి అంబలి తాగి పెరిగినవాళ్ళకు ఇంకెలా కనిపిస్తుంది? నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది.

ఇంతలో సంఘపెద్ద దేవదానంగారు నిచ్చెన మోయించుకుని వచ్చారు. ఈమధ్య వచ్చిన బోధకుడెవరో కూజాలో ఉన్నది ద్రాక్షసారా అన్నాడట. అప్పట్నుంచీ సంఘంలో గొడవ.

“మీరు సదివినోళ్లు సార్. ఆ కూజాలో ఉండేది ఏందో ఉన్నదున్నట్లు చెప్పండి. సారాయి అయితే ఈ పొద్దే సున్నం కొట్టిస్తా.”

కరుణమ్మగారు నా వైపే చూస్తున్నారు. అంబలి అనేస్తే సరిపోయేది. నోరు రాలేదు. ఇది మితం అనే గుణానికి వేసిన బొమ్మ అనీ, ద్రాక్షసారాలో నీళ్ళు కలిపి మత్తు తగ్గిస్తోందనీ చెప్పాను.

దేవదానంగారు బొమ్మ దగ్గరికి వెళ్ళి చూశారు. “అయితే తాగొద్దనే కదా చెప్తాండేది. శానా మంచి బొమ్మ. ఉండనీ. కింద మద్యం ముట్టరాదని రాయిస్తా.”

మితంగా తాగడం వేరు, మానేయడం వేరు అని చెప్పబోయి, నిచ్చెన చూసి నోరు మూసుకున్నాను. కరుణమ్మగారు తాళం వేశారు. గేటు దగ్గర అన్నారు: “బొమ్మ నిలిచిందిలే సార్. పిల్లోళ్లకి నేను సెప్పిన అమ్మే పాయె.”

సాయంత్రం గండికోట కూడా చూశాను, బాగుంది. గీసినవాళ్ళు ఏమనుకున్నారో పుస్తకాల్లో దొరుకుతుంది. ఇన్నేళ్ళు దాన్ని చూసిన పిల్లలు ఏమనుకున్నారో ఏ పుస్తకంలోనూ లేదు. నేను చెప్పింది నిజమే, అయినా బాధగా ఉంది. మీరు వెళ్తే మధ్యాహ్నంలోపు వెళ్ళండి, అప్పుడే వెలుతురు గోడ మీద పడుతుంది. కింద రాసింది చదవకముందే, ఆమె ఎవరని కరుణమ్మగారిని అడగండి.