నేను తొక్కని నడుము

నేను పుట్టినప్పుడు తల కాకుండా కాళ్ళు ముందు వచ్చాయట. పెనుకొండలో మా అమ్మ నన్ను కని చచ్చి బతికిందని చెప్పేవాళ్ళు. అట్లా పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. ఊహ తెలిసినప్పటి నుంచీ నా ఎడమ కాలు నాది కాదు, వీధిది. మూడో తరగతిలో బడి మానిపించారు గానీ ఈ పని మాత్రం ఎవరూ మానిపించలేదు.

దానికొక పద్ధతి ఉంది. నొప్పి ఉన్న మనిషి పాచిముఖంతో రావాలి. చాప మీద బోర్లా పడుకోవాలి. నేను మడమ ఆనించి, బరువు మోపీ మోపనట్టు మోపి దిగాలి. మాట్లాడకూడదు. ప్రతిఫలంగా ఏమీ తీసుకోకూడదు, తీసుకుంటే పని చేయదంటారు. ఆ ఒక్క నియమమే నాకు ఎప్పుడూ నచ్చలేదు.

పెళ్ళయి ధర్మవరం వచ్చాక ఈ పని ఇంకా పెరిగింది. ఇది మగ్గాల ఊరు. మగ్గం గుంతలో కాళ్ళు దించుకుని పొద్దు పొడిచింది మొదలు వంగి కూర్చునే మనుషులు. మెడలు, భుజాలు, మోకాళ్ళు, అన్నిటికన్నా ముందు నడుములు. నయమయ్యేదా అంటే, నయమైనవాళ్ళే మళ్ళీ వచ్చారు. కానివాళ్ళు ఎటు పోయారో నేను అడగలేదు.

ఈ మధ్య ఎండలు ముదిరిన రోజుల్లో మా కోడలికి నడుము నొప్పి పట్టుకుంది. కోడలిది హిందూపురం. మా ఇంట్లో కొడుకుదొక మగ్గం, ఆమెదొక మగ్గం. నీళ్ళ డ్రమ్ము జరపబోయి నడుములో ఏదో కలుక్కుమందని చెప్పింది. మొదట నడుములోనే ఉన్న నొప్పి తర్వాత ఒక కాల్లోకి దిగింది, ఇంకో నాలుగు రోజులకు రెండో కాల్లోకీ దిగింది. మందు పూసుకుని, నడుముకు తువ్వాలు బిగించుకుని నేస్తూనే ఉంది. మగ్గం మీద పెళ్ళి చీర ఉంది, ఆ శుక్రవారానికి దించాలి.

ఆ వారమే నాకూ ఆమెకూ ఫ్యాను దగ్గర మాటా మాటా వచ్చింది. మనిషి మగ్గం దిగిపోయాక గాలి ఎవరికి అని నేను కట్టేశాను. ఇప్పుడే వస్తాను కదా అని ఆమె వేసింది. అంతే. కానీ మా ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు.

ఒకరోజు పొద్దున ఆమె పెరట్లోకి పోతూ ఉంటే చూశాను. ఒక చెప్పు గడప దగ్గరే ఉండిపోయింది.

"ఏమ్మే, చెప్పు ఈడ విడిచి యాడికి పోతాండావు?"

"వేసుకునే ఉండా కదత్తా," అంది. కిందికి చూసుకుంది. ఆ పాదాన్ని కాసేపు అట్లానే చూసి, గోడ పట్టుకుని మెల్లగా కూలబడింది.

కొడుకు వచ్చి ఎత్తుకుపోయి చాప మీద పడుకోబెట్టాడు. పక్కింటామె మా గొంతులు విని వచ్చేసింది. ఇంకేముంది, అందరూ నా కాలు వైపే చూశారు.

"తొక్కక్కా, ఇంకా ఎందుకు చూస్తావు," అంది పక్కింటామె.

కోడలు బోర్లా తిరిగింది. నేను కాళ్ళు కడుక్కుని, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. నేరుగా నడుము మీద పెట్టడం నా అలవాటు కాదు. మొదట మడమ తుంటి కింద ఆనించి, పడుకున్న మనిషి ఊపిరి వదిలాక పైకి జరుపుతాను. అట్లాగే ఆనించాను.

ఆమె కదలలేదు. కొంతసేపటికి విసుగ్గా అడిగింది.

"ఎంతసేపు అత్తా? పెట్టండి."

"పెట్టినాను కదే."

"యాడ పెట్టినారు?"

మాట్లాడకూడదన్న నియమం అప్పుడే పోయింది. మడమ కొంచెం నొక్కాను. "ఇప్పుడు తెలుస్తాందా?"

"ఏం తెలుస్తాది? మీరు పెట్టందే."

నేను కాలు తీసేశాను. ఇన్నేళ్ళలో నా కాలి కిందికి వచ్చిన నడుములన్నీ అరిచేవే. ఆనిస్తే చాలు, అమ్మా అనేవే. కాలు పడిందన్న సంగతే తెలియని మనిషిని నేనెప్పుడూ చూడలేదు. 

"తొక్కను," అన్నాను.

కొడుకు అర్థం కానట్టు చూశాడు. "ఏమ్మా?"

"తొక్కనంటే తొక్కను."

"ఏందక్కా ఇది," అంది పక్కింటామె. "వీధిలో అందరినీ తొక్కితివి. ఇంటి కోడలి కాడికి వచ్చేసరికి నీ కాలు బరువాయనా?"

కోడలు చాపలో ముఖం పెట్టుకునే మాట్లాడింది. "ఊరందరికీ పనికొచ్చే కాలు నాకు పనికిరాలేదు. కానీలేండి. ఆ ఫ్యాను ఇంగ నేను ముట్టుకోనత్తా. ఇప్పుడన్నా తొక్కండి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. కొడుకునూ పక్కింటామెనూ బయటికి పొమ్మని తలుపు వేశాను. కోడలి తల దగ్గర కూర్చున్నాను. అత్త కోడలిని అడిగే మాట కాదు గానీ అడిగాను.

"ఒంటికి పోయినావా పొద్దున?"

మెల్లగా చెప్పింది. "రాత్రి నుంచీ రాలేదత్తా. వచ్చేది కూడా తెలుస్తాలేదు. కూర్చునే చోటంతా చెక్క మాదిరి ఉండాది. మీ కొడుక్కు చెప్పద్దండి."

ఆమె తమ్ముడు హిందూపురంలో ఒక ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని చేస్తాడు. కొడుకును పిలిచి ఫోను కలిపి స్పీకరు పెట్టమన్నాను. ఆమె వద్దన్న మాట కూడా ఫోనులో చెప్పేశాను, కొడుకు వింటుండగానే.

"అత్తా, అక్కను తొక్కితిరా?"

"లేదు."

"తొక్కద్దండి. లాగద్దండి. కూర్చోబెట్టద్దు. పండబెట్టి పిల్చకరాండి, ఇప్పుడే."

"మధ్యాహ్నం రైలు ఉండాది కదా," అన్నాడు నా కొడుకు.

"బావా, ఇప్పుడే అంటాండా."

కొడుకు నా ముఖం చూశాడు. వాడు నా పెంపకం. రైలు పోయే ఊరికి కారు మాట్లాడిన ఇల్లు కాదు మాది. "కారు పిలువు," అన్నాను. వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. పక్కింటామె కిటికీలోంచి, "ఒక్కసారి తొక్కి చూస్తే కారు తప్పుతుంది కదక్కా," అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె నడుము కూడా నేను తొక్కిందే.

"పోరా," అన్నాను కొడుకుతో. అప్పుడు కదిలాడు.

చీరలు మడిచే బల్ల మీది చెక్క ఊడదీసి, దాని మీద కోడలిని పండబెట్టి, సీట్లు మడిచిన బండిలోకి ఎక్కించాము. కొడుకు ముందు కూర్చున్నాడు. నేను ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చున్నాను. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా చెక్కను రెండు చేతులా అదిమి పట్టాను. దుప్పటి కింద ఆమె కాలి వేళ్ళు ఒక్కొక్కటీ గిల్లుతూ వచ్చాను. గట్టిగానే గిల్లాను. ఆమె బండి పైకప్పు చూస్తూ ఉంది. ఒక్కసారి కూడా ఉలికిపడలేదు.

"నేను నడవలేనా అత్తా?"

"నోరు మూసుకోని పండుకో," అన్నాను. నాకు తెలియదని చెప్పడం కన్నా అదే నయమనిపించింది.

పెనుకొండ కొండ కనబడేసరికి ఆమె కడుపు ఉబ్బి రాయిలా అయింది. బండి ఆపమని అడిగింది. కంప చెట్ల పక్కకు పోయి కూర్చుంటే వస్తుందేమో చూస్తానంది.

"కూర్చోకూడదన్నాడు నీ తమ్ముడు."

"వాడు చెప్తాడు. వాని కడుపా ఇది? పగిలిపోతాంది అత్తా. ఆపండి."

కొడుకు వెనక్కి తిరిగాడు. "ఒక్క నిమిషం ఆపుదామా మా?"

"ఆపద్దు," అన్నాను డ్రైవరుతో.

"మీరు మనిషేనా," అంది కోడలు.

డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు గానీ బండి ఆపలేదు. ఆమె ఏడవడం మొదలుపెట్టింది, గొంతు బయటికి రాకుండా. నేను పుట్టిన వీధి దారి అటే పోయింది. నేను తల తిప్పి చూడలేదు. ఆ తర్వాత హిందూపురం దాకా ఆమె నాతో మాట్లాడలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర తమ్ముడు స్ట్రెచరుతో నిలబడి ఉన్నాడు. డాక్టరు వయసులో చిన్నవాడు. ఆమెను కళ్ళు మూసుకోమని, కాలి వేలు పట్టుకుని అడిగాడు.

"ఏ వేలమ్మా?"

"బొటనవేలు."

ఆయన పట్టుకుంది చిటికెన వేలు. సూదితో అరికాళ్ళు, తొడల వెనక, కూర్చునే చోటు పొడిచి చూశాడు. ఎక్కడ తెలుస్తుందో, ఎక్కడ తెలియదో నర్సుకు చెబుతుంటే ఆమె రాసుకుంది. ముందు గొట్టం వేసి మూత్రం తీశారు. సంచి నిండుతూ ఉంటే కోడలి ముఖం విప్పారింది. నేనూ ఊపిరి వదిలాను. వెంటనే స్కానుకు తీసుకుపోయారు.

ఫిల్ము వెలుతురుకు పట్టుకుని డాక్టరు చెప్పాడు. వెన్నెముకలో ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తలాంటిది ఉంటుందట. బరువు మీద బరువు పడి కింది మెత్త పగిలి, లోపలి గుజ్జు వెనక్కి వచ్చింది. ఆ వెనక నరాలు గుర్రం తోకలాగా కుచ్చుగా దిగుతాయి. కాళ్ళకు, మలమూత్రాలకు పోయేవి అవే. వాటిని ఆ గుజ్జు నొక్కిపట్టింది.

"ఈ నడుమును ఎవరన్నా తొక్కడం, విరవడం చేశారా?" అని అడిగాడు.

"మా అమ్మే తొక్కుతాది సార్ అందరినీ," అన్నాడు నా కొడుకు. "ఈమెను తొక్కలేదు."

డాక్టరు నా పాదాలు చూశాడు. "మామూలుగా పట్టేసిన నడుము అవ్వా, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. కండరం బిగుస్తుంది, కొన్నాళ్ళకు వదులుతుంది. ఇది అది కాదు."

ఆ మాటలో నా కాలితో నయమయ్యాయనుకున్న నడుముల లెక్క నాకు వేరేగా కనబడింది గానీ, దాన్ని చూసుకునే సమయం కాదు.

ఆపరేషను ఆ రోజే చేయాలన్నాడు. ఆలస్యమయ్యే కొద్దీ నరం చచ్చిపోతుందట. చేసినా పూర్తిగా తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. కొడుకు నన్ను వరండాలోకి పిలిచాడు.

"మా, నడుము ఆపరేషనంటే మంచాన పడినట్టే అంటారు మన ఊర్లో. మన సందు చివర ఆయప్ప చూడు, చేయించుకోని లేచిందే లేదు. ఇంటికి పిల్చకపోయి కట్టు కట్టిద్దామా?"

"పోగు తెగితే శుక్రవారం దాకా ఆగి ముడి వేస్తావా నువ్వు?"

"అది పట్టు. ఇది మనిషి."

"అందుకే అంటాండా."

వాడు గోడకు తల ఆనించి నిలబడ్డాడు. భయపడ్డాడు. నాకు భయం లేదని కాదు. ఆమె లేవకపోతే ఆ మాట నా మీదే ఉంటుందని నాకు తెలుసు. వాడు లోపలికి పోయి సంతకం పెట్టి వచ్చాడు.

సాయంత్రం వెలుతురు ఉండగానే ఆమెను ఆపరేషను గదిలోంచి బయటికి తెచ్చారు. మర్నాడు నిలబెట్టారు. ఆ తర్వాత నాలుగు అడుగులు వేయించారు. కుడి కాలు మాట విన్నది. ఎడమ పాదం నేలను రాసుకుంటూ వచ్చింది, ఇప్పటికీ కొంచెం అట్లానే వస్తుంది. అది తిరిగి రావడానికి నెలలు పడుతుందన్నారు. అసలు చూడాల్సింది అది కాదన్నాడు డాక్టరు. గొట్టం తీసేస్తాము, సాయంత్రంలోగా తనంతట తాను పోవాలి. పోకపోతే మళ్ళీ గొట్టమే, బహుశా ఇంటికి కూడా దానితోనే పోవాల్సి ఉంటుంది అన్నాడు.

గొట్టం తీశారు. ఆమెకు నీళ్ళు తాగించాను. తమ్ముడు మజ్జిగ తెచ్చాడు, అదీ తాగించాను. పెనుకొండ దాటినప్పటి నుంచీ మా మధ్య మాటలు గ్లాసు పట్టుకో, చాలు అనే వరకే. ఆమె గోడ పట్టుకుని బాత్రూములోకి పోయింది. రాలేదని బయటికి వచ్చింది. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ పోయింది. మళ్ళీ రాలేదు. గొట్టం ట్రే తెచ్చి నర్సు మంచం పక్కన పెట్టి పోయింది. కొడుకు ఆ ట్రే వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఎండ కిటికీ దిగుతుండగా ఆమె ఇంకోసారి లేచింది. తలుపు గడియ పెట్టుకోవద్దని చెప్పాను. పెట్టుకుంది. నేను బయట నిలబడ్డాను.

నర్సు పోతూ పోతూ, "కొళాయి తిప్పి పెట్టవ్వా, ఆ చప్పుడుకు వస్తుంది కొందరికి," అంది. తలుపు పక్కనే చేతులు కడుక్కునే కొళాయి ఉంది. నీళ్ళను ఊరికే పారబోయడం నా ఒంటికి పడదు. తిప్పాను, కొంచెం.

"ఇంకా తిప్పండత్తా," అంది లోపల నుంచి.

పూర్తిగా తిప్పాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి. లోపల ఏ చప్పుడూ తెలియలేదు. చెవి తలుపుకు ఆనించాను.

"పోండత్తా ఆడినుంచి. మనిషి నిలబడుకోని వింటాంటే వస్తుందా?"

"నేను యాడ వింటాండా?"

"మీ నీడ కిందినుంచి కనబడతాండాది."

రెండడుగులు పక్కకు జరిగాను. కొళాయి పారుతూనే ఉంది. కొడుకు లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. అప్పుడు తలుపు వెనక నుంచి వేరే చప్పుడు మొదలైంది. సన్నగా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఆగలేదు.

నేను కొళాయి కట్టేశాను.