తిరుపాలమ్మ వల ముక్క

తిరుపాలమ్మను అందరూ అనుమానాల పుట్ట అనేవాళ్లు. అంగట్లో ఉప్పు కొన్నా చిటికెడు నాలుక మీద వేసుకుని చూసేది. నన్నడిగితే, మొగుడు పోయి, కొడుకుల్లేని ఆడమనిషి అలా ఉండకపోతేనే వింత.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఎండాకాలంలో ఎక్కడికక్కడ మడుగులు కట్టేది. ఆ మడుగుల్లో బెస్తవాళ్లు వేసే పెద్ద వల ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఇంటికో ముక్క. ఆడవాళ్లు నూలుదారంతో అల్లి, కుళ్లకుండా తంగేడు చెక్క కషాయంలో నానబెట్టి ఆరేసేవాళ్లు. వేటనాడు ముక్కలన్నీ కలిపి కుట్టేవాళ్లు. పడిన చేపల్లో సగం నీళ్లలో దిగిన మగవాళ్లకు, సగం ముక్కలు తెచ్చిన ఇళ్లకు. తిరుపాలమ్మ ఇంట్లో నీళ్లలో దిగే మనిషి లేడు. ముక్క ఉంది. దాంతోనే బతుకుతోంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరు నుంచి చేపల ఇన్‌స్పెక్టర్ కమాల్ బాషా జీపులో నైలాన్ వల తెచ్చాడు. మంచి మనిషే. ఇది కుళ్లదు, నానబెట్టే పని లేదు, ఊరికే తీసుకోండి అన్నాడు.

తిరుపాలమ్మ వలను వేళ్లతో నలిపి వాసన చూసింది.

"ఊరికే ఎందుకిస్తాండారు సారూ? రేపు మడుగు మాదే అంటారా?"

"అనమమ్మా."

"అట్లయితే ఇంటికో ముక్క కోసియ్యండి."

ఆయన నవ్వాడు. "సర్కారు వల కోస్తే నా ఉద్యోగం ఊడుతుందమ్మా!"

ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. "శానా మెరుస్తాండాది, చేప బెదురుతాది" అని వీధంతా చెప్పింది. ఎవరూ వినలేదు. బెస్తల పెద్ద చెన్నకేశవ, ఆమెకు స్వయానా మరిది, వల తీసుకున్నాడు.

చేప బెదరలేదు. మునుపెన్నడూ లేనన్ని బొచ్చె చేపలు పడ్డాయి. ఇసుకలో కుప్ప పోసి, దిగిన మగవాళ్లే మొత్తం పంచుకున్నారు. ఎవరి ముక్కా వాడలేదు కదా, ఇళ్లకు భాగమేంది అన్నారు. చెన్నకేశవకు మనసొప్పలేదు. తన భాగంలోంచి రెండు పెద్ద చేపలు తీసి తిరుపాలమ్మ గంపలో వేశాడు.

"తీస్కో వదినా, నేనిస్తాండా."

ఆమె వాటిని తీసి ఇసుక మీద పెట్టింది.

"మీ అన్న పోయినాక ఏనాడన్నా ఇస్తావని నీ మొగం చూసినానా? ముక్క ఉంటే నా భాగం నేను అడుగుతా. అది లేకుంటే అడుక్కోవాల. ఈ పొద్దు ఇస్తాండావు. రేపు నీకు బుద్ధి పుట్టకుంటే?"

చెన్నకేశవ పెళ్లాం పెద్దసుబ్బమ్మ అంతదాకా సంబరంగా చేపలు ఏరుకుంటోంది. చేయి ఆపి, తడిబట్టలతో నిలబడ్డ మొగుణ్ని చూసింది. ఏ ఆడదీ మొగుడి ముఖం మీద అనని మాట అనేసింది.

"నువ్వు పోతే నా గంపలో ఎవరేస్తారు?"

ఆడవాళ్లు ఒక్కొక్కరే గంపలు కింద పెట్టారు.

కమాల్ బాషా మళ్లీ వచ్చేసరికి నైలాన్ వల తిరిగిచ్చేందుకు మడిచి సిద్ధంగా ఉంది. మీకు కొత్తదంటే భయం, మీరింక బాగుపడరు అని విసుక్కుంటూ జీపులో వేసుకుపోయాడు. ఇంటి గుట్టు బయటివాడికి చెప్పడం ఎందుకని అందరూ నోరు మూసుకున్నారు.

తర్వాతి వేటకు ఆడవాళ్లే పాత ముక్కలు తెచ్చి కుట్టారు. నైలాన్ వలకు పడినవాటిలో సగం చేపలు కూడా పడలేదు. తిరుపాలమ్మ తన భాగం తానే గంపలోకి ఎత్తుకుని, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికి నడిచింది.