చిలకమ్మ కడియాలు

డెబ్బై తొమ్మిదిలో నాకు చింతపల్లి దగ్గర ఒక చిన్న సర్కారు ఆసుపత్రికి బదిలీ అయింది. స్టాఫ్ నర్సుని. కోపం ముక్కు మీదే ఉండేది. ఏజెన్సీలో మామూలు రోజుల్లో ఈగలు తోలుకోవడమే పని. సంత రోజున మాత్రం మాకు ఊపిరాడదు. కొండల మీంచి దిగినవాళ్లు సరుకు అమ్ముకుని, రోగం చూపించుకుని, పొద్దుండగానే మళ్లీ కొండెక్కాలి.

చిలకమ్మ ఏ సంతా తప్పకుండా వచ్చేది. యాభై దాటిన మనిషి. ఏళ్ల తరబడి పీల్చిన పొయ్యి పొగా, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్టా కలిసి ఆవిడ ఊపిరితిత్తుల్ని పాడుచేశాయి. దీన్ని క్రానిక్ బ్రాంకైటిస్ అంటాం. ఊపిరి గొట్టాలు వాచి, కఫం పట్టి, దగ్గూ ఆయాసం మనిషిని వదలవు. ఆ భారం గుండె మీద పడి కాళ్లకి నీరు దిగేది. ఆ నీటి వాపు పేరు ఇడీమా. డాక్టరుగారు ఆయాసానికి ఎమినోఫిలిన్ సూది, వాపుకి నీరు లాగే మాత్రలు రాసేవారు. నేను ఉప్పు మానమని చెప్పేదాన్ని. నాలుగు రోజులు తేలిగ్గా ఉండి, వచ్చే సంతకి మళ్లీ అదే వాపు. కాళ్ల వెండి కడియాలు కండలోకి దిగబడిపోయాయి.

"ఇక మనవల్ల కాదు. మళ్లీ సంతకీ ఇలాగే ఉంటే విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపేద్దాం" అన్నారు డాక్టరుగారు.

చిలకమ్మ ముఖం పాలిపోయింది. "నాను కిందకెల్నమ్మా. మా తోటికోడలు జీపెక్కి ఎల్లింది, మరి రానేదు. సచ్చినా మా కొండ మీదే సత్తాను. పంపుతానంటే మీ గుమ్మమే తొక్కను."

అన్నంత పనీ చేసే మనిషే. మందూ సూదీ లేకుండా కొండ మీద ఎన్నాళ్లు బతుకుతుంది?

మరుసటి సంతకి పెద్ద వాన. మిగతా రోజుల్లో బుట్టలన్నీ బయట అరుగు మీదే పెట్టించేదాన్ని. ఆవేళ చిలకమ్మ తన బుట్ట లోపలికే తెచ్చుకుంది. గది నిండా ఒకటే వాసన.

"ఏటి చిలకమ్మా ఈ కంపు?"

"ఎండు సేపలమ్మా."

"ఎవరికి?"

"నాకే. నువ్వు ఉప్పు మానమన్నావు గదా, మానేసినాను. సప్పిడి అంబలి గొంతు దిగుద్దేటి? ఇవి కాల్చుకొని నంజుకుంతన్నాను."

"పూటపూటకీనా?"

"మరేటి సెయ్యమంతావు?"

నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. పాపం, ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. ఇంట్లో ఉప్పు కల్లు ముట్టలేదు.

"నా తల్లీ, వాటిని ఉప్పులో ఊరేసే ఎండబెడతారు. కావాలంటే నాలిక్కి రాసుకుని చూడు."

రాసుకుంది. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదా" అని నా మీదే విసుక్కుంది. కోపం ఆవిడకీ తక్కువేం కాదు.

చింతపండు, పచ్చిమిరపకాయ నంజుకోమన్నాను. డాక్టరుగారికి విషయం చెబితే, పంపడం కొన్నాళ్లు ఆపారు. తర్వాతి సంతకి వాపు కాస్త తీసింది. ఆపై సంతకి ఇంకాస్త తీసింది. ఆ తర్వాత చిలకమ్మ రావడం మానేసింది.

మా పనిలో తప్పకుండా వచ్చే మనిషి రాకపోతే మనసు మంచివైపు పోదు. ఉండబట్టలేక ఒక సంత రోజు డ్యూటీ దిగి సంతలోకే వెళ్లాను. పసుపు రాశి ముందు కూర్చుని ఎవరితోనో బేరం తెగ్గొట్టేస్తోంది. నన్ను చూసి కాలు ముందుకు చాపి, వేలితో కడియాన్ని గుండ్రంగా తిప్పింది.

"సూడు నర్సమ్మా, తిరగతాంది."

ప్రాణం లేచొచ్చింది. "మరి ఆసుపత్రికి రావేం?" అని కసిరాను.

"బాగున్నాను గదా, ఎందుకొత్తాను?"

ఆయాసం పూర్తిగా పోలేదు, చుట్టా మానలేదు. చలికాలంలో సూదికి వచ్చేది. విశాఖపట్నం మాట మాత్రం మళ్లీ రాలేదు. ఊపిరికో మందు, గుండెకో మందు, వాపుకో మందు ఇస్తాం గానీ, మనిషి తినేది ఒక్క నోటితోనే. అప్పట్నించి వాపుతో ఎవరొచ్చినా "అంబలిలోకి ఏం నంజుకుంటున్నావ్?" అని అడగడం నాకు అలవాటైంది. ఆ వేళకి చిలకమ్మ గనక వరసలో ఉంటే, నేను నోరు తెరిచేలోగానే వెనకనుంచి తనే అడిగేసేది: "సేపలు తింతన్నావేటి?"