పచ్చ కోటూ, స్టీలు డబ్బా

పాత బట్టల్ని తూకం వేసి అమ్మే కొట్టు ఒకటుంటుందనీ, అరవై దాటిన బందరు మనిషిని నేను, చలికి ముక్కు కారుతూ దాంట్లోకి పరుగెత్తుతాననీ కిందటేడు ఎవరైనా చెప్పి ఉంటే, పాపం వాళ్ళకి ఎండదెబ్బ తగిలిందనుకునేదాన్ని. మొన్నామధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చంగా అదే జరిగింది. తలుపు తోసుకుని లోపల అడుగు పెట్టగానే కలరా ఉండలూ, తడిసి ఆరిన ఉన్నీ కలిసిన వాసన ఒకటి గుప్పుమని ముక్కుకి కొట్టింది. ఆ వాసన నాకు తెలుసు. దానికోసమే అంత దూరం వచ్చానా ఏవిటి ఖర్మ అనిపించింది.

అసలు ఆ ప్రయాణమే నా కుదురులేనితనం వల్ల పెట్టుకున్నది. బ్యాంకు ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చోలేక, కాలుగాలిన పిల్లిలా గదిలోంచి గదిలోకి తిరుగుతుంటే, చూడలేక మా చెల్లెలే ఈ ఎనిమిది రోజుల టూరు సంగతి తెచ్చింది. చెల్లెలంటే మా పిన్ని కూతురు. ఏడేళ్ళప్పుడు మా ఇంటికొచ్చి మాతోనే పెరిగింది, నర్సు చదివింది, గుడివాడలో కాపురం పెట్టింది. బందరులో గోరీలు కట్టించుకుని పడుకున్న ఆ డచ్చివాళ్ళ ఊరు ఎలా ఉంటుందో చూద్దాం పద అని సరదాగా అంటే, నేను మర్నాడే పాస్‌పోర్టు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

తీరా వెళ్ళాక చలి ఎముకలు కొరికేసింది. నేను స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకున్నాను గానీ మా చెల్లెలు పెద్దయ్యాక ఉన్ని బట్ట ఒంటి మీద వేసిన మనిషి కాదు. ఎవరేం చెప్పినా నాకు పడదమ్మా అనేది, నేనూ ఇన్నేళ్ళూ అడగలేదు, అడగకపోవడానికి నా కారణాలు నాకున్నాయి. మూడోనాడు దాని పెదాలు నల్లబడటం చూసి, మా టూరు నడిపే అమ్మాయి, ఆ పూట మాకు ఖాళీ గనక, ఈ వీధిలో పాత కోట్లు చవగ్గా దొరుకుతాయండీ, ఇక్కడి పిల్లలు కొత్తవి మానేసి ఇవే ఎగబడి కొనుక్కుంటారండీ అని చెప్పి కొట్టు గుమ్మం దాకా దిగబెట్టి వెళ్ళింది.

లోపల వరసలు వరసలుగా కోట్లు. పాతికేళ్ళ పిల్లలు అద్దాల ముందు నిలబడి, ఎవరో ముసలావిడ విడిచిన గౌన్లు తొడుక్కుని మురిసిపోతున్నారు. నేను ఒక చోట నిలబడలేకపోయాను. ఈ వరసా ఆ వరసా తెగ తోసుకుంటూ, నల్లవీ బూడిదవీ పక్కకి నెట్టుకుంటూ, ముదురాకుపచ్చ కోసం వెతుకుతున్నానని నాకే కాసేపటిదాకా తెలియలేదు. మా చెల్లెలు మాత్రం నెమ్మదిగా ఒక్కొక్క కోటు దగ్గర ఆగుతోంది, రంగు చూడటం లేదు, కొలత చూడటం లేదు, ముందుగా జేబులో చెయ్యి పెడుతోంది. ఒక జేబు, రెండో జేబు, తర్వాత ఇంకో కోటు. నేను అది చూశాను గానీ అప్పుడు దానికి అర్థం వెతకలేదు.

మీలో మా దిక్కువాళ్ళకి ఉప్పెన వచ్చిన ఏడు గుర్తుండకపోదు. దివిసీమలో సముద్రం ఒడ్డున మా పిన్నివాళ్ళ ఊరు ఊరంతా ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయింది. పిన్నీ బాబాయీ దొరకలేదు. పక్కింటాయన ఎత్తుకుని ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మేడ మీదికి చేర్చడం వల్ల పిల్ల మిగిలింది. మా నాన్న వెళ్ళి, శిబిరంలో వెతికి, ఒంటి మీద ఎవరిదో చొక్కా తప్ప ఏమీ లేని దాన్ని బందరు తీసుకొచ్చాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. పిల్ల ఏడవదు, మాట్లాడదు, మా అమ్మ కొంగు వదలదు. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. బళ్ళోకి కూడా దాన్ని చంకనేసుకునే వెళ్ళేది.

కొన్నాళ్ళకి చర్చి ఆవరణలోకి లారీల నిండా బట్టల మూటలొచ్చాయి. ఏ దేశాలవాళ్ళో జాలిపడి పంపినవి. మూటలు విప్పితే అన్నీ ఉన్ని కోట్లు, చేతి తొడుగులు, మెడకి చుట్టుకునే పట్టీలు. మా ఎండకీ వాటికీ ఏం పొత్తు చెప్పండి! పైగా చచ్చినోళ్ళ బట్టలేమోనమ్మా అని ఆడవాళ్ళు దగ్గరికి రావడానికే జంకారు. ఇల్లూ వాకిలీ పోయి, కట్టుకోవడానికి గుడ్డ లేని మనుషులు కూడా వాటిని రెండు వేళ్ళతో పట్టుకుని చూసి కింద పెట్టడం నా కళ్ళతో చూశాను. చివరికి గిలకలదిండి చేపలవాళ్ళు కొన్ని పట్టుకెళ్ళి ఐసుగడ్డల మీద కప్పారు, ఐసు కరక్కుండా బాగా పనికొచ్చిందన్నారు.

ఆ గుట్టలోంచి మా చెల్లెలు ఒక కోటు లాక్కుంది. ముదురాకుపచ్చ ఉన్ని, ముందు నాలుగు చెక్క గుండీలు, ఇటూ అటూ లోతైన జేబులు. వేసుకుంటే మోకాళ్ళు దాటింది. మా ఇంటికి వాటిలో ఒక్క చేతిగుడ్డ కూడా రాకూడదని అమ్మ నియమం పెట్టుకుంది గానీ, ఉప్పెనలో అన్నీ పోగొట్టుకున్న పిల్ల, దీనిది దీనికి చెందవలసినదే కదా అని ఊరుకుంది. ఇక చూడండి, పడుకున్నా కోటే, బడికీ కోటే. మొదట చలికాలం గనక చెల్లిపోయింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయినా కోటు మాత్రం పోలేదు. చెమట కారుతుంటుంది, పిల్ల విప్పదు. బళ్ళో దానికి గొంగళిపురుగని పేరు పెట్టారు. నన్ను గొంగళిపురుగు అక్కా అనేవాళ్ళు. వరసలో నిలబడితే అంటారు, మంచినీళ్ళ దగ్గర అంటారు, ఆదివారం పాటల్లో నేను నోరు తెరిస్తే వెనక బెంచీలో కిసుక్కుమంటారు. నాకు దాని మీద అసహ్యం పుట్టింది. కోటు మీదే అనుకునేదాన్ని. పిల్ల మీద కూడా కొంత పుట్టిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆ రోజుల్లో పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ నెలకోసారి వీధిలోకి వచ్చేది. నెత్తిన గంప, చేతిలో మూట, గుమ్మంలో చతికిలబడి ప్రతి బట్టా వెలుతురుకి పెట్టి చూసి, చిరుగు దొరికితే చాలు, మూతి ముప్ఫై వంకర్లు తిప్పేది. అమ్మ, నాన్నవి పాత ప్యాంట్లూ, రెండు చీరలూ మడిచి పక్కన పెట్టి, బేరం నాకప్పగించి, చెల్లికి బడికి అన్నం పట్టుకెళ్ళే మూత డబ్బా ఒకటి తీసుకోవే, అంతకు తక్కువ ఒప్పుకోకు అని చెప్పి, ఒళ్ళంతా చెమటకాయలు పేలిన పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఎలా ఒప్పించిందో ఏమో, ఆ పూట మాత్రం పిల్ల ఒంటి మీంచి కోటు విప్పించి, పిట్టగోడ మీద ఎండలో వేసింది.

స్టీలు సామాన్లావిడ వచ్చింది. ప్యాంట్లు చూసింది, చీరలు చూసింది, ఇవాటికి గరిటె వస్తదమ్మాయ్, డబ్బా ఎక్కడొస్తది అంది. నేను గీచి గీచి బేరమాడాను. ఆవిడ కళ్ళు పిట్టగోడ మీదికి వెళ్ళాయి. అదిస్తావా అంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించానని రాసుకుంటే నాకు గౌరవంగా ఉంటుంది గానీ అది అబద్ధం. గబగబా వెళ్ళి తెచ్చి ఆవిడ మూటలో కుక్కి, మూత బిగుతుగా పట్టే గుండ్రటి స్టీలు డబ్బా పుచ్చుకున్నాను.

వచ్చాక అమ్మ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, బేరమంటే మా పెద్దదే చెయ్యాలి అని మెచ్చుకుంది. చెల్లెలు తిన్నగా పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. గోడకి అవతల చూసింది. మురుక్కాలవలో చూసింది. ఎవడో దొంగ ఎత్తుకుపోయుంటాడే అన్నాను. ఉప్పెన తర్వాత మా ఇంటికొచ్చాక ఆ పిల్ల మొట్టమొదటిసారి ఏడ్చింది ఆ రోజే. అమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని, పోనీలే, ఏడవనీ, ఇన్నాళ్ళకి ఏడిచింది, మంచిదే అంది. మంచిదేనట! నేను ఆ మాట పట్టుకుని బతికాను. చెల్లెలు నాలుగు రోజులు వీధి వీధీ తిరిగి, కనబడిన ప్రతి మూట వెనకా నడిచి, తర్వాత మానేసింది.

ఆ డబ్బాలోనే అది బడికి అన్నం తెచ్చుకుంది. దానితోనే నర్సు హాస్టలుకి వెళ్ళింది. పెళ్ళప్పుడు అమ్మ ఆ డబ్బా నిండా సున్నుండలు పెట్టి గుడివాడ పంపింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదన్నది మన పాతకాలపు పట్టింపు కదా, అక్కణ్ణించి చెల్లెలు మాగాయ పెట్టి పంపేది, ఇక్కణ్ణించి నేను జంతికలు పెట్టి పంపేదాన్ని. గుడివాడకీ బందరుకీ మధ్య ఇన్నేళ్ళుగా ఎవరు బస్సెక్కినా వాళ్ళ సంచిలో ఆ డబ్బా ఉండేది. నా చేతికొచ్చినప్పుడల్లా తోమి, బోర్లించి, తొందరగా నింపి పంపేసేదాన్ని. అది నా ఇంట్లో రెండు రోజులుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక ఆ కొట్టులో, ఎన్ని వరసలు తోశాకో, పచ్చ కోటు దొరికింది. పెద్దవాళ్ళ కొలతే, గుండీలు మాత్రం చెక్కవి కావు. నేను ఊపిరాడకుండా తెచ్చి, ఇది వేసుకోవే అన్నాను. చెల్లెలు వేసుకోలేదు. జేబులో చెయ్యి పెట్టి అలాగే నిలబడి, నవ్వింది.

"చిన్నప్పుడు నాకొక కోటుండేది, గుర్తుందా అక్కా? దాని జేబులో మా అమ్మ పేలదువ్వెన పెట్టుకున్నాను. ఉప్పెన రోజు సాయంత్రం గాలి ఎక్కువవుతున్నా కూర్చోబెట్టి దువ్వుతానే ఉంది. నీళ్ళొచ్చినప్పుడు అది నా జుట్టులోనే ఇరుక్కుపోయింది. మురికిదని పారేస్తారని ఎవరికీ చూపించలేదు. పిచ్చి కాకపోతే ఇప్పటికీ కోటు కనపడితే జేబు చూస్తాను."

నేను వినలేదన్నట్టు బయటికి వచ్చేశాను. అది వెనకాలే వచ్చింది. కాలవ ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టి, పిట్టగోడా, ప్యాంట్లూ, గరిటె, డబ్బా, దొంగ, అన్నీ చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ నోరు రాదని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెల్లెలు నీళ్ళకేసే చూస్తోంది. ఒక్కటే అడిగింది.

"అయితే నేను పదో తరగతి దాకా అన్నం తిన్నది దాంట్లోనా అక్కా?"

అవునన్నాను. లేచి, చలేస్తోంది, పద అంది. మిగిలిన ఐదు రోజులూ నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, మాత్రలు వేసుకున్నావా అని అడిగింది, ఫోటోల్లో నవ్వింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కోటూ కొనలేదు.

టూరుకి ముందు ఆ డబ్బాలో నేను పంపిన జంతికలకి బదులు రావలసి ఉంది. మామూలుగా అయితే వారం తిరక్కుండా వచ్చేది. తిరిగొచ్చి నెల దాటినా రాలేదు. బస్సు చప్పుడైతే గుమ్మంలోకి, ఫోను మోగితే వరండాలోకి, నా తిరుగుడు చూసి పనమ్మాయి కూడా, కూర్చోండి అమ్మగారూ, నాకే కళ్ళు తిరుగుతున్నాయి అంది. మొన్న మా మరిది, చెల్లెలి భర్త, బందరులో పని మీద వచ్చి, మీ చెల్లెలిచ్చిందండీ అని సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ఎత్తితే తేలిగ్గా ఉంది. ఆయన వెళ్ళేదాకా ఆగి మూత తీశాను. అడుగున చిటికెడు పంచదార ఉంది.

మన తరానికి వేరే చెప్పక్కర్లేదు. పెట్టడానికేమీ లేనప్పుడు, ఖాళీది ఇవ్వలేనప్పుడు వేసేది అది. ఇప్పుడు హోటళ్ళ నుంచి ప్లాస్టిక్ డబ్బాలొస్తాయి, ఎవరూ తిరిగివ్వరు, ఏం పెట్టారో ఎందుకు పెట్టారో లెక్కే లేదు. స్టీలు సామాన్లావిడ వీధిలోకి రావడం మానేసి ఎన్నేళ్ళయిందో. జాలిపడి పంపితే రెండు వేళ్ళతో ముట్టుకున్న కోట్లని ఇప్పుడు అద్దంలో చూసుకుని మరీ కొంటున్నారు. మా ఇద్దరి తర్వాత ఈ చిటికెడు పంచదార చదవగలిగేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ ఉండరు.

ఆ పంచదారని ఈ పొద్దున కాఫీలో వేసుకుని తాగాను. చాలలేదు గానీ ఇంకో చెంచా వేసుకోలేదు. డబ్బా తోమి బోర్లించాను. రేపు తొలి బస్సుకి నేనే గుడివాడ తీసుకెళదామని ఉంది. సున్నుండలు చుట్టి పెట్టాను, మళ్ళీ తీసేశాను. అరిసెలన్నాను, అవీ మానుకున్నాను. చీకటి పడుతోంది, డబ్బా ఇంకా ఖాళీగానే ఉంది.