పెన్సిల్‌తో వేసిన మూడు

పాత కంప్యూటర్ మూత విప్పితే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. ఈ ఉదయం మా ఆఫీసులో మూలన పడి ఉన్న ఒక పాత కంప్యూటర్ పెట్టెను విప్పితే అదే వాసన ముక్కుకు తగిలింది. ఇప్పుడు నేను పదకొండు మంది ఉన్న జట్టుకు పెద్దను, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఏళ్లయింది. అయినా ఆ వాసనకు కర్నూలు గుర్తొచ్చింది, దాంతోపాటే మక్బూల్ సార్ గుర్తొచ్చారు.

రెండు వేల దశకం మొదటి ఏళ్లు అవి. కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో, ఒక మేడ మీద ఆయన కంప్యూటర్ సర్వీస్ సెంటర్ ఉండేది. రేడియోలు బాగుచేస్తూ కంప్యూటర్లలోకి వచ్చిన మనిషి, కాలేజీ మెట్లు ఎక్కలేదు. నేను డిప్లొమా చేతపట్టుకుని రోజూ డోన్ నుంచి రైల్లో వచ్చేదాన్ని. మొదటి రోజు నా సర్టిఫికెట్లను మర్యాదగా చూసి, మర్యాదగానే తిరిగి ఇచ్చేశారు.

"ఇవి ఇంట్లో భద్రంగా పెట్టుకోమ్మా. నీకు ఏమేం వస్తాదో ఈ గోడ చెప్తాది."

గోడకు ఒక తెల్ల చార్టు ఉండేది. ఎడమవైపు పనులు, పైన సార్‌తో కలిపి మా ఆరుగురి పేర్లు, గళ్లలో పెన్సిల్‌తో అంకెలు. ఒకటి అంటే పని చూశాను. రెండు అంటే పక్కన ఎవరైనా ఉంటే చేస్తాను. మూడు అంటే ఒంటరిగా చేస్తాను. నాలుగు అంటే ఇంకొకరికి నేర్పిస్తాను. ఎవరి అంకె వాళ్లే వేసుకోవాలి. కానీ ఆ పనిని కళ్లారా చూసినవాళ్లు కింద పొట్టి సంతకం పెడితేనే అంకెకు విలువ. ఆదివారం తప్ప రోజూ పొద్దున టీ తాగుతూ ఆయన ఆ చార్టు ముందు నిలబడేవారు. నెట్‌వర్క్ కేబుళ్ల వరుసలో అన్నీ ఒకట్లే కనిపిస్తే ఆ వారమంతా మాచేత కేబుళ్లే కోయించి, బిగింపజేసి, పరీక్ష చేయించేవారు. ఊళ్లో కంప్యూటర్ సర్టిఫికెట్లకు కరువు లేదు, పని తెలిసినవాళ్లకే కరువు. ఆయన ఆ తేడాను ఒక్కో గడి చొప్పున పూడ్చుకుంటూ పోయేవారు.

నాకు ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఐదు పనుల్లోనూ మూడు అంకె తెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం. లేకపోతే డోన్‌లో మా పిన్ని జెరాక్స్ షాపులో కూర్చోవాలి. ఆ మాట ఇంట్లో అప్పటికే అయిపోయింది. ఐదో నెల చివరికి నాలుగు మూళ్లు వచ్చాయి. మిగిలింది బ్యాకప్ వరుస ఒక్కటే.

ఊళ్లో ఒక నర్సింగ్ హోం కంప్యూటర్ల బాధ్యత మాది. ప్రతి శనివారం నేను వెళ్లి రోగుల రిపోర్టులను సీడీలోకి ఎక్కించి, తేదీ రాసి, బీరువాలో పెట్టి వచ్చేదాన్ని. ఒక శనివారం తిరిగి వచ్చాక బ్యాకప్ గడిలో మూడు వేసి, సార్ ముందు నిలబడ్డాను. ఆయన ఏదో మదర్‌బోర్డు మీద వంగి ఉన్నారు.

"సీడీ తెరిచి చూసినావా?"

"చూశాను సార్. అన్నీ తెరుచుకున్నాయి."

అబద్ధం కాదది. ఆయన తల పూర్తిగా ఎత్తకుండానే సంతకం పెట్టారు.

మూడు వారాలకు నర్సింగ్ హోంలో హార్డ్‌డిస్క్ పాడయింది. కొత్తది బిగించి, ధీమాగా సీడీ పెట్టాను. ఒక్క రిపోర్టూ తెరుచుకోలేదు. ఇన్ని వారాలూ నేను సీడీలోకి ఎక్కించింది రిపోర్టులను కాదు, వాటి దగ్గరికి దారి చూపే షార్ట్‌కట్లను. పాత డిస్క్ బతికి ఉన్నంతకాలం అవి తెరుచుకున్నాయి. నేను ఆ కంప్యూటర్‌లోనే పెట్టి చూసి మురిసిపోయాను. ఆ రోజు నాకు అక్కడి డాక్టరు గారి కోపం కన్నా పిన్ని షాపే ఎక్కువగా కనబడింది, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు పొద్దున అందరం చార్టు ముందు ఉన్నాం. నా మూడును నేనే చెరిపేద్దామని రబ్బరు తీసుకోబోయాను. సార్ నా చేతికంటే ముందు దాన్ని అందుకున్నారు. నా గడి జోలికి పోకుండా, బ్యాకప్ వరుసలో తన పేరు కింద ఉన్న నాలుగును చెరిపి రెండు వేసుకున్నారు.

"అదేంది సార్, తప్పు నాది కదా" అన్నాను.

"నీకు రాలేదు, నిజమే. రాలేదని నేను చూల్లేదు. చూడకుండా సంతకం పెట్టేటోడు నేర్పించేటోడు ఎట్లయితాడు? నేను మళ్లీ చేస్తా, నువ్వు పక్కన నిలబడి చూడు."

అప్పుడు రబ్బరు నాకిచ్చారు. నేనూ మూడును రెండు చేసుకున్నాను. ఆ తర్వాత పది రోజులు ఇద్దరం నర్సింగ్ హోం కాగితపు రిజిస్టర్లు చూసి రిపోర్టులన్నీ తిరిగి టైపు చేశాం. డాక్టరు గారు కేకలేసినప్పుడు ముందు నిలబడింది ఆయనే. తర్వాత ఆయన కొత్తగా సీడీ చేసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూపించి, తన రెండును మూడు చేసుకుని, దాని కింద నాచేత సంతకం పెట్టించారు. నాలుగు మాత్రం, నాకు పూర్తిగా వచ్చేదాకా వేసుకోలేదు. నా ఉద్యోగం ఒక నెల ఆలస్యంగా ఖాయమైంది. ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది.

మా కంపెనీలోనూ అలాంటి పట్టికే ఉంది. దానికి పొడవాటి పేరుంది, తెర మీద రంగులున్నాయి. పోయిన వారం టీ చల్లారేలోపు పదకొండు మంది వేసుకున్న అంకెలకూ ఆమోదం నొక్కేశాను.

పెట్టె మూత మళ్లీ బిగించి, వచ్చి ఆ పట్టిక తెరిచాను. నేను కళ్లారా చూసింది నలుగురి పనే. మిగతా ఏడుగురికీ ఆమోదం వెనక్కు తీసుకున్నాను. నా పేరు ఎదురుగా, ఇతరుల పనిని అంచనా వేయగలనన్న చోట, నేనే వేసుకున్న పెద్ద అంకెను తీసేసి రెండు వేశాను. ఏడుగురిలో మొదటి పేరున్న అమ్మాయి దగ్గరికి కుర్చీ లాక్కుని వెళ్లి, చేసి చూపించమని పక్కన కూర్చున్నాను.