ప్లగ్గు పీకే పెద్దమ్మ

మా పెద్దమ్మకు ఒకటే జబ్బు. ఎక్కడ కంప్యూటర్ కనిపించినా గోడకున్న ప్లగ్గు పీకి చూస్తుంది. కరెంటు పోతే వెనకున్న యూపీఎస్ ఆదుకుంటుందా, చేతులెత్తేస్తుందా అన్నది ఆవిడకు జీవన్మరణ సమస్య. ఓసారి బ్యాంకులో పీకింది. అప్పట్నుంచీ ఆవిణ్ణి చూడగానే గుమాస్తా లేచి నిలబడతాడు. మర్యాదకు కాదు, ప్లగ్గుకు అడ్డంగా.

ఆవిడది వీధి చివర టైపింగ్, ప్రింటింగ్ చేసే చిన్న సెంటర్. నేనూ అక్కడే పనిచేసేదాన్ని. మంచి యూపీఎస్ కావాలంటూ నన్ను వెంటేసుకుని కొట్లన్నీ ఎక్కి దిగింది.

"ఇది అరగంట ఆగుతుందమ్మా," అన్నాడొక కొట్టాయన.

"ఎవరు చెప్పారు?"

"పెట్టె మీద రాసుందండీ."

"పెట్టెకేం, ఎవరేం రాసినా మోస్తుంది. కంప్యూటర్ తగిలించు."

తగిలించాడు. ఈవిడ పీకింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికే యూపీఎస్ కీచుకీచుమని ఏడుపు లంకించుకుంది. కొట్టాయన నుదురు తుడుచుకున్నాడు.

"ఇప్పుడే ఇలా ఏడిస్తే, మోడెం కూడా తగిలిస్తే ఏమైపోతుంది?"

"టైపింగుకు మోడెం ఎందుకు పెద్దమ్మా?"

"నోర్మూసుకుని నడవ్వే."

చివరికొకటి దొరికింది. పీకినా తెర రెప్పైనా వేయలేదు. "ఇదీ నికరమైన మనిషి!" అని దాన్ని నిమిరింది పెద్దమ్మ. తీరా చూస్తే సెంటరుకు కాదు, మా పై వాటా అమ్మాయి గదికి మోయించింది.

ఆ అమ్మాయి భర్త ఓడలో వంటవాడు. ఓడ ఒడ్డుకు దగ్గరపడితేనే అతని వీడియో కాల్. కిందటిసారి అతనేదో చెప్పబోతుండగా కరెంటు పోయింది. నెలలు గడిచాయి. రోజూ సాయంత్రం తల దువ్వుకుని, ఖాళీ తెర ముందు కూర్చునేది.

"మరి మనకో?" అన్నాను.

"మనకు సెంటర్లో ఏడ్చే పాతది ఉందిగా. పోయినంత మళ్లీ టైపు చేసుకుందాం." మెట్లు దిగుతూ ఆగింది. "మీ పెదనాన్న ఆఖరిసారి ఫోన్ చేసి, 'ఇదిగో, విను' అన్నాడే. లైను తెగింది. ఏం వినమన్నాడో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నా."

కొన్నాళ్లకు ఓ సాయంత్రం కాల్ వచ్చింది. కాసేపటికే వీధంతా చీకటైంది. ఇద్దరం పైకి పరిగెత్తాం. గదిలో తెర ఒక్కటే వెలుగుతోంది. అందులో వంటవాడి నవ్వుమొహం.

"ఏంటి, నీ మొహం సరిగ్గా కనపడట్లేదు?"

"కరెంటు పోయిందండీ. మీరు మాత్రం పోలేదు!" అంది ఆ అమ్మాయి సంబరంగా.

"నేను పోవడమేంటే!" అతను ఉలిక్కిపడ్డాడు.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుని, గుమ్మంలోంచే కేకేసింది.

"కంగారుపడకు నాయనా! ఇంకో గంట దాకా నీకేం ఢోకా లేదు!"