నల్లబడిన తాళంచెవి

షెడ్డులో అందరూ ఆయన్ని ముక్కు మేస్త్రి అనేవారు. ముక్కు పెద్దదని కాదు. ఆయిల్ చుక్క వేలికి రాసుకుని ఒక్కసారి వాసన చూస్తే చాలు, అది గేర్‌బాక్సులో పోసేదో వెనక ఇరుసులో పోసేదో చెప్పేసేవాడు. ముప్పయ్యేళ్ళు లారీల కింద వెల్లకిలా పడుకుని సంపాదించిన విద్య అది.

కిందటేడు జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలీదు.

ఒక పొద్దున డ్రైవరొకడు సొంత లారీ తెచ్చి ఆపాడు. గేరు వేసినప్పుడల్లా కంకర నమిలినట్టు చప్పుడు.

"గేర్‌బాక్సు దించాలంటున్నారు మామా పక్క షెడ్డువాళ్ళు. బండి పది రోజులు ఆగితే నా సరుకు ఇంకొకడు ఎత్తుకుపోతాడు."

"ఆయిల్ ఎప్పుడు మార్చావు?"

"పోయిన వారమే. మా బావ పోశాడు. ఏ డబ్బాలోంచి పోశాడో ఆయనకే గుర్తులేదు. నువ్వోసారి వాసన చూడు."

మేస్త్రి బోల్టు వదులు చేసి, చుక్క వేలికి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మంచినీళ్ళకీ దానికీ తేడా తెలియలేదు. ఏదో ఒకటి అనేస్తే వీడు నమ్ముతాడు. తప్పయితే లోపల గేర్లని కలిపే ఇత్తడి రింగులు పోతాయి.

"నా ముక్కు చచ్చి ఏడాదయింది అల్లుడూ."

డ్రైవరు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాడు. "మరి పేరు మార్చుకోలేదే?"

"పెట్టినప్పుడు నన్నడిగారా?"

మేస్త్రి గేర్‌బాక్సు పక్కనున్న రేకు మీది రంగు గీకేశాడు. ఏ రకం పోయాలో అక్షరాలు బయటపడ్డాయి. ఆ రకం డబ్బా షెడ్డులోనే ఉంది. ఇక తేలాల్సింది, లోపలున్నది అదేనా అని.

పాత ఇత్తడి తాళంచెవులు రెండు తీసి, ఉప్పుకాగితంతో బంగారంలా మెరిసేదాకా రుద్దాడు. రెండు రేకు డబ్బాల్లో ఒకదాంట్లో బండిలోంచి తీసిన ఆయిల్, రెండోదాంట్లో కొత్త ఆయిల్ పోసి, ఒక్కోదాంట్లో ఒక తాళంచెవి వేసి, సన్నటి సెగ మీద పెట్టాడు.

"ఆయిల్ వండుతావా మామా?"

"మూడు గంటలు. పొగ రానివ్వకూడదు."

డ్రైవరు వెళ్ళి పడుకోవచ్చు. వెళ్ళలేదు. ముక్కాలిపీట లాక్కుని డబ్బాల ముందే కూర్చున్నాడు. మేస్త్రీ వేరే బండి జోలికి పోలేదు. ఇద్దరూ పొయ్యి మీద పాలు కాపలా కాసినట్టు కాశారు.

కొత్త ఆయిల్లోది పచ్చగానే వచ్చింది. బండి ఆయిల్లోది బొగ్గులా నల్లగా.

"ఇరుసులోది పోశాడు మీ బావ. ఇరుసు పళ్ళకి అందులో కలిపే మందు కావాలి. ఇత్తడిని మాత్రం తినేస్తుంది."

పాతదంతా కారిపోనిచ్చి కొత్తది నింపారు. డ్రైవరు వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

"చప్పుడు పోయింది మామా. రెండో గేరు మాత్రం కాస్త గొణుగుతోంది."

"వారం చూడు. అప్పటికీ మానకపోతే దించుదాం. ఇప్పుడైతే సరుకెత్తుకో."

డ్రైవరు నల్ల తాళంచెవి గుడ్డలో చుట్టుకున్నాడు. "ఇది మా బావకి."

మేస్త్రి పచ్చటిదాన్ని తుడిచి పనిముట్ల పెట్టెలో వేసుకున్నాడు, ఇంకో బండి వస్తే మళ్ళీ రుద్దుకోవడానికి.